గోడ మీద ఎవరి పేరు?

బస్తర్ ఇత్తడి బొమ్మ చాలా మ్యూజియాల్లో కనిపిస్తుంది. దాని పక్కన వేలెడంత అట్టముక్క ఉంటుంది. గుర్రం మీద రావ్ దేవుడు, ఇత్తడి, బస్తర్, ఇరవయ్యో శతాబ్దం... అంతటితో సరి. పక్క హాల్లో ఆయిల్ పెయింటింగ్ దగ్గరికి వెళ్తే చిత్రకారుడి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, బొమ్మకు ఆయన పెట్టుకున్న పేరు, ఎవరి దగ్గర్నుంచి తెచ్చారో ఆ వివరం, అన్నీ పొందిగ్గా ఉంటాయి. ఇత్తడి బొమ్మ పోసినవాడికీ ఊరుంది, ఇంటిపేరుంది, పని నేర్పిన తండ్రి ఉన్నాడు. అట్ట మీద చోటు చాలక కాదు, అడగాలని ఎవరికీ తోచక ఆ పేరు పడలేదు.

ఆ అట్ట మీద ఏం రాయాలో తేల్చే మనిషే క్యూరేటర్. ఏ బొమ్మ గోడ ఎక్కాలి, ఏది గోదాములో ఉండిపోవాలి, దేని పక్కన ఏది పెడితే చూసేవాళ్లకు ఏం తోస్తుంది, ఇవన్నీ ఆ మనిషి చేతిలోని పనులే. ఒకప్పుడు అది మ్యూజియం బీరువాల తాళాలు కాచుకునే ఉద్యోగం. ఇవాళ అంతర్జాతీయ వృత్తి. 1895 నుంచి రెండేళ్లకోసారి సాగుతున్న వెనిస్ బినాలే, 1955లో జర్మనీలోని కాసెల్‌లో మొదలైన డాక్యుమెంటా, 1995లో దక్షిణ కొరియాలో పుట్టిన గ్వాంగ్జూ బినాలే, 2012 నుంచి మన కొచ్చి ముజిరిస్... సినిమాకు డైరెక్టర్ పేరు చూసి వెళ్లినట్టు వీటికి క్యూరేటర్ పేరు చూసి వెళ్తున్నారు. ఈ ఏడు వెనిస్ ఎవరి చేతిలో ఉంది అన్నది కళాలోకంలో పెద్ద వార్త.

ఈ వృత్తి ఎలా ఎదిగిందో, ఎక్కడ తడబడిందో తెలుసుకోవాలంటే న్యూయార్క్, లండన్‌ల కంటే బస్తర్ మంచి చోటు. ఎనభై ఏళ్లుగా ఇక్కడి బొమ్మలను బయటి లోకానికి చూపించే మనుషులు ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉన్నారు. ఒకరు ఆదిమ కళ అన్నారు, ఒకరు జానపదం అన్నారు, సర్కారు హస్తకళ అంది, ఇప్పుడు సమకాలీన కళ అంటున్నారు. బొమ్మ మారలేదు, దాన్ని పెట్టే గది మారింది. గది మారినప్పుడల్లా ధర మారింది. చూపించినవాళ్ల హోదా మారింది. చేసినవాళ్ల హోదా ఎంత మారిందన్నదే అసలు లెక్క.

భోపాల్‌లో ఒకే కప్పు కింద

మొదట వచ్చినవాళ్లలో పెద్ద పేరు వెరియర్ ఎల్విన్. క్రైస్తవ మతసేవకు ఇంగ్లండ్ నుంచి వచ్చి, ఆ కోటు విప్పేసి, మధ్య భారత గిరిజనుల మధ్య స్థిరపడిపోయిన మనిషి. మురియా తెగ యువతీయువకులు కలిసి ఉండే ఘోటుల్ మీద ఆయన పుస్తకం 1947లో, మధ్య భారత గిరిజన కళ మీద పుస్తకం 1951లో వచ్చాయి. ఎల్విన్ ప్రేమలో లోటు లేదు. కానీ ఆయన కంటికి అది తరిగిపోతున్న సంపద. పోయేలోగా రాసిపెట్టుకోవాలన్న ఆత్రం ఆయనది. పోతున్నదాన్ని చూసే కన్ను, చేస్తున్న మనిషిని అంతగా చూడదు.

ఆ చూపును తిప్పినవాడు జె.స్వామినాథన్. వృత్తికి చిత్రకారుడు, అంతకుముందు కమ్యూనిస్టు, పాత్రికేయుడు. మ్యూజియం శాస్త్రం చదివినవాడు కాదు, అదే మంచిదైంది. 1982 ఫిబ్రవరి 13న భోపాల్ పెద్ద చెరువు గట్టున, చార్లెస్ కొరియా కట్టిన భారత్ భవన్ తలుపులు తెరుచుకున్నాయి. అందులో రూపంకర్ అనే కళల మ్యూజియం స్వామినాథన్ చేతికొచ్చింది. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న బస్తర్ అప్పట్లో మధ్యప్రదేశ్‌లోనే ఉంది. కళాశాల కుర్రాళ్లను జట్లు జట్లుగా చేసి రాష్ట్రమంతా ఊళ్ల మీదికి పంపాడాయన. వాళ్లు తెచ్చినవాటిని నగర చిత్రకారుల పనితో పాటు ఒకే కప్పు కింద పెట్టాడు. గిరిజనుడు గతం నుంచి వచ్చినవాడు కాడు, ఇవాళ మనతో పాటు బతుకుతున్నవాడు, కాబట్టి అతనిదీ సమకాలీన కళే అన్నది ఆయన వాదం. చెప్పడానికి ఒక వాక్యమే. మన మ్యూజియాల్లో చాలావాటికి నలభై ఏళ్లు దాటినా ఇంకా ఒంటబట్టలేదు.

ఆ జట్లు తెచ్చిన మనుషుల్లో అప్పటి మండ్లా జిల్లా పాటన్‌గఢ్‌కు చెందిన జంగఢ్ సింగ్ శ్యామ్ అనే కుర్రాడు ఒకడు. బస్తర్ వాడు కాదు, అయినా అతని కథ చెప్పకుండా ఈ వృత్తి గురించి మాట్లాడలేం. 1989లో పారిస్‌లో జాన్ ఉబేర్ మార్తాన్ అనే క్యూరేటర్ 'మాంత్రికులు' అన్న మాట పేరులోనే పెట్టుకుని ఒక మహా ప్రదర్శన నిర్వహించాడు. వంద మంది దాకా కళాకారులు, సగం పాశ్చాత్య దేశాల వాళ్లు, సగం మిగతా లోకం. జంగఢ్ బొమ్మలు అక్కడికి వెళ్లాయి. ప్రపంచ కళాచరిత్ర పుస్తకాల్లో ఆ ప్రదర్శన ఒక మలుపు. మెచ్చుకున్నవాళ్లెందరో, వింత జనాన్ని వింతగానే చూపించారని తిట్టినవాళ్లూ అందరే. మార్తాన్ ఆ తర్వాత పారిస్‌లో, డ్యూసెల్‌డార్ఫ్‌లో మ్యూజియాలకు అధిపతి అయ్యాడు. జంగఢ్ 2001 జులైలో జపాన్‌లోని నీగాటా ప్రాంతంలో, ఒక మ్యూజియంలో ఉండి బొమ్మలు వేస్తున్న రోజుల్లో ప్రాణం తీసుకున్నాడు. నలభై కూడా నిండలేదు. ఎలాంటి ఒప్పందం మీద అతను అంత దూరం వెళ్లాడని అప్పుడు దేశంలోని కళాకారులు గొంతెత్తి అడిగారు. పిలిచేవాళ్లకు, వెళ్లేవాళ్లకు మధ్య కాగితం మీద ఏముందన్నది అప్పటిదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి.

భేల్వాపదర్ కొలిమి

జగ్దల్‌పుర్ నుంచి డెబ్బై అయిదు కిలోమీటర్లు ఉత్తరంగా వెళ్తే కొండగావ్. 2012లో జిల్లా అయింది. ఊళ్లో భేల్వాపదర్ అనే పేట ఘడ్వాలది. ఇత్తడి పోతపోసే కులం. మనం డోక్రా అంటాం, అక్కడివాళ్లు ఘడ్వా పని అంటారు. మురియాలు, మారియాలు కొలిచే దేవతలను చేసిపెట్టేది వీళ్లే. దంతేశ్వరి, మావ్లీ, రావ్ దేవ్‌లతో పాటు తెలంగిన్ మాత అనే దేవత కూడా వీళ్ల అచ్చుల్లో ఉంది. కాకతీయుల తర్వాత ఓరుగల్లు నుంచి వెళ్లిన అన్నమదేవుడి వంశం బస్తర్‌ను ఏలింది కదా, దేవతలూ దారి పట్టి ఉంటారు.

పని ఇలా ఉంటుంది. నల్లమట్టిలో వరిపొట్టు కలిపి బొమ్మ లోపలి ముద్ద చేస్తారు. ఎండిన తర్వాత దాన్ని నున్నగా పాముతారు. తేనెమైనంలో గుగ్గిలం లాంటి బంక కలిపి, కాచి, చిల్లులున్న చెక్క గొట్టంలో పెట్టి నొక్కితే సేమ్యా అంత సన్నని దారాలు బయటికొస్తాయి. ఆ దారాన్ని ముద్ద చుట్టూ ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా చుట్టుకుంటూ పోతారు. గుర్రం మెడ అయినా, అమ్మవారి చీర అయినా, కంటి రెప్ప అయినా ఆ దారంతోనే. దాని మీద మెత్తని మట్టి పూత, ఆ పైన పుట్టమన్ను. ఒక దారి వదిలి కాలిస్తే మైనం కరిగిపోతుంది, అది ఖాళీ చేసిన సందులోకి కాగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక మట్టి పగలగొట్టాల్సిందే. కాబట్టి ఒక అచ్చుకు ఒకే బొమ్మ. దగ్గర్నుంచి చూస్తే ఇత్తడి మీద ఆ దారాల వరసలు కనిపిస్తాయి. ఎక్కడ బొటనవేలితో కాస్త గట్టిగా నొక్కాడో కూడా ఇత్తడిలో ఉండిపోతుంది. పనివాడిని బట్టి ఆ నొక్కు మారుతుంది. పది బొమ్మలు వరసగా పెడితే ఎవరిది ఏదో భేల్వాపదర్‌లో ఎవరైనా చెప్పేస్తారు. పేరు తెలియని కళ అని పుస్తకాల్లో రాసినవాళ్లు భేల్వాపదర్ వెళ్లి అడగలేదన్నమాట.

ఈ పేటకు పేరు తెచ్చినవాడు జైదేవ్ బఘేల్. తండ్రి సిర్మన్ దగ్గర పని నేర్చుకున్నాడు. జాతీయ పురస్కారం, మధ్యప్రదేశ్ శిఖర్ సమ్మాన్ అందుకున్నాడు, విదేశాల్లో కూర్చుని జనం ముందు పోతపోసి చూపించాడు. ఎనభయ్యో దశకం భారత ఉత్సవాల కాలం. 1982లో బ్రిటన్‌లో, 1985లో ఫ్రాన్స్, అమెరికాల్లో సర్కారు ఖర్చుతో మన కళలు ఊరేగాయి. రాజీవ్ సేఠీ లాంటివాళ్లు ప్రదర్శన కట్టడమే ఒక విద్య అని అప్పుడే చూపించారు. జైదేవ్ మాత్రం ఇంకో పని చేశాడు. కొండగావ్‌లో శిల్పుల సంఘం పెట్టి, ఇత్తడి వాళ్లు, ఇనుము వాళ్లు, చెక్క వాళ్లు, మట్టి వాళ్లు ఒక ఆవరణలో కూర్చుని పని చేసుకునే వీలు కల్పించాడు. ఎవరి పనిని ఎవరి పక్కన పెట్టాలో తేల్చడమే క్యూరేటర్ పనైతే, బస్తర్ మొదటి క్యూరేటర్ ఆయనే. ఆ బిరుదు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

1998లో జ్యోతీంద్ర జైన్ 'అదర్ మాస్టర్స్' పేరుతో ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియం నుంచి అయిదుగురు జానపద, గిరిజన కళాకారులను పేరుపేరునా నిలబెట్టాడు. గంగాదేవి, జంగఢ్, జివ్యా సోమా మషే, నీలమణీదేవి, సోనాబాయి. జాతి పేరు కింద కాకుండా మనిషి పేరు కింద బొమ్మ పెట్టడం ఈ దేశంలో అంత గట్టిగా జరిగింది అప్పుడే. సోనాబాయిది ఛత్తీస్‌గఢ్‌లోని సర్గూజానే. ఆ అయిదుగురిలో జైదేవ్ ఉండాల్సిందని నా లెక్క. అయిదే కుర్చీలంటే ఎవరో ఒకరు నిలబడాలి, నిజమే. జైన్ 2010లో పారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియంలోనూ భారతీయ గిరిజన కళల భారీ ప్రదర్శన పెట్టాడు.

బోరింగ్ చుట్టూ ఒక గోడ

కథలో అసలైన మలుపు బొంబాయి నుంచి వచ్చింది. నవజోత్ అల్తాఫ్ 1949లో మేరఠ్‌లో పుట్టి, బొంబాయి జేజే స్కూల్లో చదివి, డెబ్బైల్లో వామపక్ష యువజన ఉద్యమంలో పోస్టర్లు వేసిన చిత్రకారిణి. తొంభైల చివర్లో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ సాయంతో కొండగావ్ వచ్చింది. నగర కళాకారులు గిరిజనుల దగ్గరికి వెళ్లడం కొత్త కాదు. వెళ్లడం, నాలుగు ఆకారాలు ఎత్తుకొచ్చి తమ కాన్వాసు మీద దించుకోవడం మామూలే. ఆవిడ వచ్చి ఉండిపోయింది. ఏడాదిలో సగం బొంబాయి, సగం కొండగావ్ అన్నట్టు దశాబ్దాలు గడిపింది.

అక్కడ ఆమెతో కలిసింది రాజ్‌కుమార్ కొర్రామ్, శాంతిబాయి, గెస్సూరామ్. శాంతిబాయిది చెక్క పని. ఉలి పట్టడం మగవాళ్ల వంతు అనుకునే చోట మొద్దుల్ని చెక్కిన మనిషి. వీళ్లందరూ ఒకే చోట కూర్చుని ఎవరి శిల్పం వాళ్లు చెక్కారు. ఒకరిది ఇంకొకరు పూర్తి చేయలేదు, ఒకరు చెప్పింది ఇంకొకరు చేయలేదు. సాయంత్రం అయ్యాక ఒకరి పనిని ఒకరు చూసుకుని వాదించుకున్నారు. ఆ పద్ధతిలోంచే డయలాగ్ ఇంటరాక్టివ్ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ పుట్టింది, డియా అంటారు.

వాళ్లు చేసినవాటిలో నల్‌పార్ గురించి చెప్పాలి. నల్‌పార్ అంటే బోరింగ్ దగ్గరి స్థలం. బస్తర్ పల్లెల్లో చేతిపంపు చుట్టూ బురద, దోమలు. ఆడపిల్లలు నిండు బిందెను నేల మీద నుంచి ఒక్క ఊపులో నెత్తికెత్తుకోవాలి, నడుము పట్టేస్తుంది. డియా వాళ్లు పంపు చుట్టూ సిమెంటు గట్టు కట్టారు, నీరు నిలవకుండా పోయే కాలువ పెట్టారు. గోడలో నడుమెత్తున ఒకటి, భుజమెత్తున ఒకటి బిందె ఆన్చే మెట్లు వదిలారు. కింద నుంచి మొదటి మెట్టుకు, అక్కడి నుంచి రెండోదానికి, అక్కడి నుంచి నెత్తి మీదికి. గోడల మీద ఆ ఊరి వాళ్లు ఎంచుకున్న గుర్తులు. ఎక్కడ కట్టాలి, ఎంత ఎత్తు ఉండాలి అన్నది నీళ్లు మోసే వాళ్లనే అడిగారు. మగవాళ్ల కన్ను పడకుండా ఆడవాళ్లు కాసేపు నిలబడి మాట్లాడుకునే చోటు కూడా అదే అయింది.

పిల్లలకోసం కట్టినవాటికి పిల్ల గుడి అని పేరు. తెలుగువాళ్లకు అర్థం చెప్పక్కర్లేదు. బడి కాదు, దేవుడూ ఉండడు. పిల్లలు చేరి బొమ్మలు వేసుకునే, పాడుకునే, తగాదా పడే జాగా.

ఇది కళేనా, పంచాయతీ వాళ్లు చేయాల్సిన పని కాదా అని ఎవరైనా అడగొచ్చు. అడిగారు కూడా. అమెరికా విమర్శకుడు గ్రాంట్ కెస్టర్ 2011లో అచ్చయిన తన పుస్తకంలో కొండగావ్ పనికి మంచి చోటిచ్చాడు. ఒక్కడే మేధావి గదిలో కూర్చుని సృష్టించేదే కళ అన్న లెక్కకు ఇది జవాబు అన్నట్టు రాశాడు. నాకు మాత్రం ఇందులో సిద్ధాంతం కంటే ఆ రెండు మెట్లే ఎక్కువ నచ్చాయి. శిల్పికి ఎత్తు తెలియాలి, బరువు తెలియాలి, చేయి ఎక్కడ ఆగుతుందో తెలియాలి. అవన్నీ అక్కడున్నాయి.

ముంబై నుంచి గ్వాంగ్జూ

ఈ పనిని మ్యూజియంలోకి ఎలా తేవడం? బోరింగ్ గోడను పెకలించుకు రాలేం. ఫొటో పెడితే అభివృద్ధి శాఖ ప్రకటనలా ఉంటుంది. ఈ చిక్కుముడి ముందు కూర్చున్న మనిషి నాన్సీ అదజానియా.

ముంబైకి చెందిన నాన్సీ మొదట కళా విమర్శకురాలు. 2000 నుంచి 2002 దాకా ఆర్ట్ ఇండియా పత్రికకు ప్రధాన సంపాదకురాలు. ఈ వృత్తిలో చాలామంది దారి అదే. ముందు రాస్తారు, రాతకు నమ్మకం వచ్చాక ఎవరో ఒకరు ఒక గది ఇచ్చి నీకు నచ్చింది పెట్టు అంటారు, ఆ తర్వాత భవనం, ఆ తర్వాత నగరం. 2012లో తొమ్మిదో గ్వాంగ్జూ బినాలేకు ఆరుగురు ఆసియా మహిళలు కలిసి సారథ్యం వహించారు. జపాన్ నుంచి మామీ కతావోకా, కొరియా నుంచి సున్‌జుంగ్ కిమ్, ఇండోనేషియా నుంచి ఆలియా స్వాస్తికా, చైనా నుంచి కరోల్ ఇంగ్హువా లూ, ఇరాక్ మూలాలున్న వస్సాన్ అల్ ఖుదైరీ, మన దేశం నుంచి నాన్సీ. 'రౌండ్‌టేబుల్' అని దానికి పేరు పెట్టారు. 1980లో సైనిక పాలనకు ఎదురు తిరిగి నెత్తురోడిన నగరం గ్వాంగ్జూ, ఆ బినాలే పుట్టిందే ఆ జ్ఞాపకంతో. అక్కడ నాన్సీ ఎంచుకున్న అంశం మనుషులు ఒక సమూహంలోకి ఎలా వస్తారు, ఎలా తప్పుకుంటారు అన్నది. కొండగావ్ ఆవరణలో ప్రతి సాయంత్రం తేలుతున్న సంగతీ అదే కదా.

2016లో నవజోత్ కళ మీద నాన్సీ పుస్తకం వచ్చింది. ఆమె క్యూరేటర్‌గా 2018 డిసెంబరులో ముంబైలోని జాతీయ ఆధునిక కళా మందిరంలో నవజోత్ జీవితకాల ప్రదర్శన తెరుచుకుంది. చీల్చి తీసిన భూమి గుండె అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. నాలుగు గోడల కాన్వాసుల నుంచి కొండగావ్ దాకా, అక్కడి నుంచి ఛత్తీస్‌గఢ్ గనుల్లో భూమి పోగొట్టుకున్న వాళ్ల మాటలతో తీసిన వీడియోల దాకా ఒక మనిషి నడిచిన దారి అంతా అందులో ఉంది. ఈ ప్రదర్శన గురించి చెప్పేటప్పుడు ఒకటి గమనించాలి. జీవితకాల ప్రదర్శన అనగానే గోడ మీద ఒకే పేరు ఉంటుంది. సమూహంతో రెండు దశాబ్దాలు పనిచేసిన కళాకారిణికైనా చివరికి మ్యూజియం పెట్టే మూస ఒక్కరిదే. తప్పు నాన్సీదీ కాదు, నవజోత్‌దీ కాదు. ఆ భవనాలు అలా కట్టారు, టికెట్లు అలా అచ్చేస్తారు. శాంతిబాయి జీవితకాల ప్రదర్శన, రాజ్‌కుమార్ కొర్రామ్ జీవితకాల ప్రదర్శన అదే స్థాయి భవనంలో జరిగిన రోజున ఈ మూస పగిలిందనుకోవాలి.

ఈ వృత్తిలో బయటికి కనిపించని రాజకీయం కూడా కొంత చూడాలి. ఆ ముంబై మందిరంలోనే 2019 ఫిబ్రవరిలో నటుడు అమోల్ పాలేకర్ స్థానిక సలహా సంఘాన్ని ఎందుకు రద్దు చేశారని వేదిక మీద అడిగితే నిర్వాహకులు మధ్యలో ఆపబోయారు, దేశమంతా గొడవైంది. ఆగిపోయాయని ఆయన చెప్పిన ప్రదర్శనల్లో సుధీర్ పట్వర్ధన్‌ది ఒకటి. అదే ఏడాది చివర్లో ఆ ప్రదర్శన జరిగింది, దాని క్యూరేటరూ నాన్సీయే. ఏళ్ల తరబడి పరిశోధన చేసి పెట్టుకున్నదాన్ని ఒక కమిటీ మారితే మూట కట్టేయాల్సి రావచ్చు. ఈ ఉద్యోగానికి పింఛను లేదు, అలాంటి ఓపిక మాత్రం ఉండాలి.

పెట్టె కట్టేదెవరు

పత్రికల్లో క్యూరేటర్ ఫొటో విమానాశ్రయాల్లో, ప్రారంభోత్సవాల్లో పడుతుంది. పనిలో ముప్పాతిక పాలు కాగితాలు. కొండగావ్ చెక్క శిల్పం విదేశీ మ్యూజియం చేరాలంటే ముందు అప్పు పత్రం రాయాలి, అంటే ఎన్ని నెలలు ఎరువిస్తున్నాం, పగిలితే ఎవరిది బాధ్యత అని. బీమాకు విలువ కట్టాలి. ఇక్కడే తకరారు. ఊళ్లో అమ్మిన ధర రాయాలా, అక్కడి గ్యాలరీ ధర రాయాలా? తక్కువ రాస్తే విరిగితే శిల్పికి ముష్టి ముట్టుతుంది. నూరేళ్లు దాటిన పాత వస్తువైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కేంద్రం అనుమతి లేకుండా దేశం దాటనివ్వదు. చెక్కలో పురుగు లేదని ధ్రువపత్రం కావాలి. పెట్టె చేసే కలపకూ వేడిచేసి ముద్ర వేయించాలి. తేమ గాలిలో పెరిగిన టేకు ఏసీ గదిలో ఎండి పగులుతుంది, అందుకని గదిలో తేమ ఎంత ఉండాలో ముందే రాసుకోవాలి. శిల్పానికి ఇన్ని కాగితాలు సిద్ధమయ్యాక శిల్పికి పాస్‌పోర్టు ఉందా అని ఎవరో చివర్లో గుర్తు చేసుకుంటారు.

పక్కనే ఇంకో దారి ఉంది, దానికి ఇన్ని తిప్పలు లేవు. బైలడిల్లా ఇనుప రాయిని జపాన్‌కు పంపడం కోసమే అరవైల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలు వేశారు. అరకు వెళ్లే మనమంతా ఎక్కేది ఆ లైనే. బస్తర్ నుంచి రాయి విశాఖ రేవుకు దిగడం మొదలై అరవై ఏళ్లవుతోంది. నవజోత్ వీడియోల్లో మాట్లాడే వాళ్ల ఊళ్లు, పొలాలు పోయింది ఇలాంటి గనుల కిందే.

తీసుకెళ్లకూడనిది

కొన్నిటిని చూసి వదిలేయడం కూడా క్యూరేటర్‌కు తెలియాలి. మారియాలు చనిపోయినవాళ్ల కోసం దారి పక్కన స్మృతి స్తంభాలు నిలుపుతారు. పూర్వం చెక్క, రాయి. దంతెవాడ దగ్గర గామావాడలో పాతవి బారులు తీరి ఉన్నాయి. ఇప్పుడు చాలావరకు సిమెంటు, నిగనిగలాడే రంగులు. పోయిన మనిషి ఇష్టాలన్నీ దాని మీద ఉంటాయి. పులి, నెమలి, కల్లు కుండ, అడవిదున్న కొమ్ముల తలపాగాతో నాట్యం, సైకిల్, జీపు, తుపాకీ పట్టిన పోలీసు, ఆకాశంలో విమానం. పోయిన మనిషి విమానం ఎక్కి ఉండనక్కర్లేదు, తలెత్తి చూసి ఉంటాడు.

సమకాలీన కళకు ఇంతకంటే నిక్కమైన ఉదాహరణ నాకు తోచదు. అయినా ఇది ఏ బినాలేకూ పోకూడదు. ఒక మనిషి పోయిన చోట, అతని వాళ్లు నడిచే దారిలో అది ఉండాలి. గతంలో ఇలాంటివి మ్యూజియాలకు చేరాయి. మా తాత ఏసీ గదిలో నిలబడి ఉన్నాడని మనవడికి తెలిస్తే ఎలా ఉంటుందో సేకరించినవాళ్లు ఆలోచించి ఉండరు. పాతదాన్ని పెకలించడానికి బదులు, చేసేవాళ్లను పిలిచి, కూలి కాకుండా పారితోషికం ఇచ్చి, కొత్తది చేయమని అడగడం మర్యాద. ఏం వేయాలో వాళ్లకే వదిలేయాలి.

మన వైపు

ఈ కథ మనకెందుకు అంటారేమో. కుమురం భీం జిల్లాలో ఉషేగావ్, కేస్లాగూడ ఉన్నాయి. అక్కడి ఓజాలు పోసేదీ ఇదే మైనపు దారం పనే. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు జిల్లా పేరుకు వచ్చింది, పోసిన మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆచార్య జయధీర్ తిరుమలరావు దశాబ్దాలుగా గూడేలు తిరిగి పోగుచేసిన వాద్యాలు, ఇత్తడి బొమ్మలు, పటాలు 'ఆద్యకళ' పేరుతో హైదరాబాద్‌లో జనం ముందుకొచ్చాయి. క్యూరేటర్ అన్న హోదా ఎవరూ ఇవ్వకుండానే ఆయన చేసిన పని అది. గరిమెళ్ల అన్నపూర్ణ పేరు కూడా తెలుగు పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. బెంగళూరులో ఉండే ఈ కళాచరిత్రకారిణి 2010, 2011ల్లో గురుగ్రామ్‌లోని దేవీ ఆర్ట్ ఫౌండేషన్‌లో జానపద, గిరిజన కళలు సమకాలీనమే అన్న వాదాన్ని రెండు విడతల ప్రదర్శనగా కట్టారు. బినాలేలకు వెళ్లాలనుకునే మన లలితకళల విద్యార్థులు మొదట చూడాల్సింది వెనిస్ కేటలాగు కాదు, ఇలాంటి పని.

విదేశాల్లోనూ గాలి మారింది. 2022 డాక్యుమెంటాను రువాంగ్రూపా అనే ఇండోనేషియా బృందం నడిపింది. 2024 వెనిస్‌లో బ్రెజిల్‌కు చెందిన అడ్రియానో పెద్రోజా మూడు వందలకు పైగా కళాకారులను చేర్చాడు, వాళ్లలో ఆదివాసీలు అంతకుముందెన్నడూ లేనంతమంది. తలుపులు తెరుచుకుంటున్నాయి, సంతోషమే. తెరిచిన తలుపు గుండా బొమ్మ ఒక్కటే పోతుందా, బొమ్మతో పాటు మనిషీ, ఆ మనిషి మాటా పోతాయా అన్నది ఇకముందు కొండగావ్ అడగాల్సిన ప్రశ్న. ఇకనైనా కేటలాగులో వ్యాసం హల్బీలోనో గోండీలోనో మాట్లాడే శిల్పిది కూడా ఒకటి ఉండాలి, ప్రదర్శన ముగిశాక ఒక వారమైనా అదే కొండగావ్‌లో పెట్టాలి. చేసిన ఊళ్లో చూపించలేని ప్రదర్శనకు ఎంత పెద్ద నగరంలో చప్పట్లు పడినా నా లెక్కలో సగం మార్కులే.

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో పట్టుకునే 30వ నంబరు జాతీయ రహదారి భద్రాచలం, కోంటా, సుక్మా, జగ్దల్‌పుర్ మీదుగా కొండగావ్ గుండానే పోతుంది. వెళ్లగలిగినవాళ్లు వెళ్లండి. వెళ్లలేనివాళ్లు శిల్పారామంలోనో, లేపాక్షి, గోల్కొండ షాపుల్లోనో ఈసారి ఇత్తడి బొమ్మ కొన్నప్పుడు ఇది ఎవరు చేశారండీ అని అడగండి. తెలియదంటే కనుక్కుని చెప్పమనండి. పేరు, ఊరు బిల్లు మీద రాయించుకోండి. హైదరాబాద్‌లోని రాష్ట్ర ఆర్ట్ గ్యాలరీ వాళ్లకు కూడా ఒక మనవి. ఉషేగావ్ పోతనూ, భేల్వాపదర్ పోతనూ పక్కపక్కన పెట్టి ఒక ప్రదర్శన కట్టండి, ప్రతి బొమ్మ కింద చేసిన మనిషి పూర్తి పేరు వేయండి.